అట్రాసిటీ కేసుల లెక్కలు: రాసేదెవరు, చదివేదెవరు?

దళితుల మీద జరిగే దాడులకు ఈ దేశంలో లెక్క లేదని ఇప్పుడు ఎవరూ అనలేరు. లెక్క ఉంది. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా తెచ్చే 'క్రైమ్ ఇన్ ఇండియా' సంపుటాల్లో ఉంది. ఎస్సీల మీద నేరాల కింద 2022లో 57,582 కేసులు నమోదయ్యాయి, 2023లో 57,789. ఎస్టీల మీద నేరాలు 2022లో 10,064 ఉంటే 2023 నాటికి 12,960కి చేరాయి. ఈ అంకెలు ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా దించుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. కోర్టుల సంగతికొస్తే 2015 సెప్టెంబరులో జాతీయ న్యాయ సమాచార గ్రిడ్‌ను జనానికి తెరిచారు. ఏ జిల్లాలో ఎన్ని కేసులు పేరుకుపోయాయో ఏ రోజుకా రోజు చూపిస్తుందది. సమాచారమంతా బహిరంగమైపోయింది, ఇక దాపరికమేమీ లేదని పాలకులూ, వాళ్ల వెనక మేధావులూ చెపుతున్నారు.

అయితే వాడలోంచి పోలీసు స్టేషను దాకా నడిచిపోయి కేసు పెట్టిన మనిషి అడిగే ప్రశ్న ఒకటుంది. "మా కేసు ఏమైంది?" ఎవరు ఏ సెక్షను తీసేశారు, ఎందుకు తీసేశారు, ఎందుకు వీగిపోయింది, అప్పీలుకు పోయారా లేదా - ఇవీ అతను అడిగే సంగతులు. ఇన్ని సంపుటాల్లో, ఇన్ని పట్టికల్లో ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఎన్ని కేసులో చెప్పే సమాచారం తెరిచిపెట్టి, ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారో చెప్పే సమాచారం మూసిపెట్టారు. ఈ తేడా యాదృచ్ఛికంగా వచ్చింది గాదనీ, దీని వెనక ఒక చూపు ఉందనీ మేం అంటున్నాం.

కథకూ కవిత్వానికీ విమర్శ ఉన్నట్టే పట్టికకూ విమర్శ ఉండాలి. పట్టిక కూడా ఒక రచనే. దానికీ కర్త ఉంటాడు, కర్తకు ఒక కులం, ఒక ఉద్యోగం, ఒక భయం ఉంటాయి. ఏ గడి పెట్టాలో ఏ గడి వద్దో ఎవడో ఒకడు కూచుని నిర్ణయిస్తాడు. మేం ఈ వ్యాసంలో అట్రాసిటీ కేసుల పట్టికల్ని అట్లా ఒక రచనగా చదవదల్చుకున్నాం.

'తప్పుడు కేసు' అనే గడి

ముందు పోలీసుల పట్టిక చూద్దాం. నమోదైన కేసును దర్యాప్తు తర్వాత పోలీసులు ఏం చేశారో చెప్పే పట్టిక ఇది. చార్జిషీటు వేసినవి ఒక వరసలో ఉంటాయి. మూసేసినవి వేర్వేరు వరసల్లో ఉంటాయి: తప్పుడు కేసు అని తేల్చినవి, వాస్తవం గురించో చట్టం గురించో పొరపాటు పడ్డారనీ, సివిల్ తగాదా అనీ మూసినవి, నిజమే గానీ సాక్ష్యం చాలదని వదిలేసినవి. మన జిల్లాల్లో దీన్ని 'కేసు రిఫర్ చెయ్యటం' అంటారు. ఫిర్యాది చేతికి ఒక రిఫర్ నోటీసు వస్తుంది. చాలాసార్లు అందులో రెండు మూడు ముక్కలకు మించి ఉండదు.

ఈ గడులు నింపేది ఎవరు? దర్యాప్తు చేసిన పోలీసే. సాక్ష్యం సేకరించాల్సిన వాడే సాక్ష్యం లేదని రాస్తాడు. అతను రాసింది జిల్లా కేంద్రానికి పోయి, అక్కణ్ణుంచి రాష్ట్ర రాజధానికి పోయి, అక్కణ్ణుంచి ఢిల్లీ చేరి, అచ్చులో ఒక అంకె అవుతుంది. స్టేషనులో రాసినప్పుడు అది ఒక దర్యాప్తు అధికారి అభిప్రాయం. ఢిల్లీలో అచ్చయ్యేసరికి అది దేశం మొత్తానికి సత్యం. దారిలో ఎక్కడా ఫిర్యాది మాట ఆ పట్టికలోకి ఎక్కే గడి లేదు. రిఫర్ నోటీసు మీద ఎంతమంది కోర్టులో అభ్యంతరం చెప్పారు, ఎన్నిటిలో కోర్టు పోలీసుల మాట కాదని కేసును విచారణకు తీసుకుంది అనే సంగతి పక్కన లేకుండా 'తప్పుడు కేసు' అనే అంకెకు అర్థమేముంది?

పొలం దగ్గర కొట్టారని ఒక కూలి ఫిర్యాదు చేస్తే ఆ పొలం హద్దు గురించి తగాదా ఉంది కాబట్టి ఇది సివిల్ వ్యవహారమని మూసెయ్యటం మన పల్లెల్లో తెలియని సంగతేం గాదు. దళితుల భూమి ఆక్రమించటం, వాళ్లను భూమినుంచి వెళ్లగొట్టటం 1989 చట్టంలో నేరాలుగానే రాసి ఉన్నాయి. చట్టం నేరమన్నదాన్ని పట్టిక తగాదా అంటోంది. పట్టిక చట్టాన్ని మార్చగలదా? కాగితం మీద మార్చలేదు, ఆచరణలో మార్చగలదు. అదే జరుగుతోంది.

అంకె తీర్పులోకి ఎక్కితే

ఇదంతా పండితుల పట్టింపు అనుకునేవాళ్లు 2018 గుర్తు తెచ్చుకోవాలి. ఆ ఏడు మార్చి 20న సుభాష్ కాశీనాథ్ మహాజన్ కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం అట్రాసిటీ చట్టానికి కళ్లెం వేసింది. ప్రభుత్వోద్యోగిని అరెస్టు చెయ్యాలంటే నియమించిన అధికారి అనుమతి కావాలంది, ఇతరులను అరెస్టు చెయ్యాలంటే జిల్లా సీనియర్ పోలీసు అధికారి అనుమతి కావాలంది, కేసు నమోదుకు ముందే ప్రాథమిక విచారణ చేయించొచ్చంది. చట్టం దుర్వినియోగమవుతోందనటానికి ఆ తీర్పులో చోటు చేసుకున్నవి మనం చెప్పుకుంటున్న ఈ ప్రభుత్వ అంకెలే. 2016లో ఎస్సీ కేసుల్లో 5,347, ఎస్టీ కేసుల్లో 912 తప్పుడువని తేలినట్టు నేర రికార్డుల బ్యూరో లెక్క. 2015లో కోర్టులు తేల్చిన 15,638 కేసుల్లో 11,024 కేసుల్లో ముద్దాయిలు విడుదలయ్యారు, 495 కేసులు ఉపసంహరించుకున్నారు, 4,119 కేసుల్లో శిక్షలు పడ్డాయి.

కూడితే లెక్క సరిపోతుంది. అంకెల్లో అబద్ధం లేదు. నూటికి 26 కేసుల్లోనే శిక్ష పడిందన్న మాట నిజం. కానీ ఈ నిజాన్ని రెండు రకాలుగా చదవొచ్చు. మిగతా 74 కేసుల్లోని వాళ్లు అబద్ధం చెప్పారని ఒక చదువు. ఆ 74 మందికి ఈ రాజ్యం న్యాయం చెయ్యలేకపోయిందని ఇంకో చదువు. ఏది సరైందో తేల్చాలంటే ఆ 11,024 కేసులు ఎందుకు వీగిపోయాయో తెలియాలి. సాక్షులు హాస్టైల్ అయ్యారా? ఎందుకయ్యారు - కూలికి పిలవం అన్నందుకా, డబ్బుకా, పదేళ్లు వాయిదాలు తిరిగి విసిగిపోయా? డి.ఎస్.పి. చెయ్యాల్సిన దర్యాప్తు కింది అధికారి చేశాడా? కుల ధ్రువపత్రం దాఖలు చెయ్యలేదా? ఆలస్యంగా ఫిర్యాదు చేశారన్నారా? ఈ గడులేవీ పట్టికలో లేవు. కారణం లేని అంకెను ఎవడి కారణంతో వాడు నింపుకుంటాడు. అధికారం ఎవడి చేతిలో ఉంటే వాడి కారణమే నిలబడుతుంది.

దానికి జవాబు పట్టికల్లోంచి రాలేదు, రోడ్డు మీంచి వచ్చింది. 2018 ఏప్రిల్ 2న దళిత సంఘాలు భారత్ బంద్ చేశాయి. ఉత్తరాదిలో ఆ రోజు ప్రాణాలు కూడా పోయాయి. ఆ ఆగస్టులోనే పార్లమెంటు 18-ఎ సెక్షను చేర్చి ప్రాథమిక విచారణ, ముందస్తు అనుమతి అక్కర్లేదని చెప్పింది. 2019 అక్టోబరు 1న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం పాత ఆదేశాలను వెనక్కి తీసుకుంది. దళితులు ఒక వర్గంగా చట్టాన్ని దుర్వినియోగం చేస్తారని ముందే అనుకోకూడదని అన్నది. 2020 ఫిబ్రవరిలో 18-ఎ చెల్లుతుందని కూడా సుప్రీంకోర్టు తేల్చింది. మంచిదే. కానీ ఆ గడులు మాత్రం ఇప్పటికీ అట్లాగే ఉన్నాయి. రేపు ఇంకొకరు వాటినే మళ్లీ ఎత్తిచూపొచ్చు.

చుండూరు ఏ ఏడాది లెక్కలో ఉంది?

ఇక కోర్టుల పట్టిక. ఇందులో 'శిక్షల శాతం' అనే మాట ఉంది. ఆ ఏడు విచారణ పూర్తయిన కేసుల్లో ఎన్నిటిలో శిక్ష పడిందనేది దాని అర్థం. విచారణ కోర్టు తీర్పు దగ్గర ఈ లెక్క ఆగిపోతుంది. ఆ పైన ఏం జరిగిందో దీనికి పట్టదు.

చుండూరు తీసుకుందాం. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపి కాలవలోకి, పొలాల్లోకి విసిరేశారు. బాధితులు పట్టుబట్టి ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అందర్నీ వదిలేసింది. దాని మీద సుప్రీంకోర్టుకు అప్పీళ్లు వెళ్లాయి. ఏటేటా అచ్చయ్యే పట్టిక ప్రకారం చూస్తే 2007లో శిక్షపడ్డ కేసుల్లో ఇదీ ఒకటి. 2014లో దీనికి గడి లేదు. పదహారేళ్ల పోరాటం ఒక అంకె అయ్యింది, ఆ అంకెను కొట్టేసిన తీర్పు అంకె కాకుండా పోయింది. మన ఉద్యమ చరిత్రలో ఇంత పెద్ద దెబ్బకు ప్రభుత్వ లెక్కలో ఆనవాలు లేదు.

ఇంకొకటి. కర్నూలు జిల్లాలో జరిగిన ఒక కేసు - కళ్లు లేని దళిత యువతి మీద అత్యాచారం. పటాన్ జమాల్ వలీ కేసుగా ఇది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు అత్యాచారానికి వేసిన యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది. అట్రాసిటీ చట్టం కింద వేసిన శిక్షను మాత్రం కొట్టేసింది. ఆమె దళితురాలు 'అయినందువల్లనే' ఈ నేరం జరిగిందని విడిగా రుజువు కాలేదంది. కులం, ఆడతనం, వైకల్యం ఒకే మనిషి మీద ఎట్లా కలిసి పడతాయో ఆ తీర్పే వివరంగా చర్చించింది. అయినా పాత చట్టంలోని ఆ మాట దగ్గర ఆగిపోయింది. 2015 సవరణ ఆ మాటను మార్చి, బాధితులు దళితులని తెలిసి చేస్తే చాలంది, కానీ ఈ నేరం అంతకు ముందుది. మన ప్రశ్న ఏమంటే, ఇట్లా ఐ.పి.సి. నిలబడి అట్రాసిటీ సెక్షను కూలిపోయిన కేసులు ఎన్ని? కులం తప్పించి నేరాన్ని మాత్రమే కోర్టులు ఒప్పుకున్న సందర్భాలు ఎన్ని? 'శిక్ష పడింది' అనే ఒక్క గడిలో ఈ రెండు రకాలూ కలిసిపోతాయి. కులానికి శిక్ష పడిందో లేదో పట్టిక చెప్పదు.

రాజీల సంగతి కూడా అంతే. అట్రాసిటీ కేసు రాజీకి వీల్లేనిది. అయినా పెద్దమనుషులు కూచోబెట్టి రాజీ చేసి, సాక్షుల్ని కోర్టులో మాట మార్పిస్తే అది 'విడుదల' గడిలో పడుతుంది. కొన్ని పరిస్థితుల్లో రాజీ మీద ఈ కేసుల్ని కొట్టెయ్యొచ్చని 2021 అక్టోబరులో రామవతార్ కేసులో సుప్రీంకోర్టు అన్నాక, అట్లా పోయినవి 'కొట్టివేత' గడిలో పడతాయి. రాజీ ఎక్కడా రాజీ పేరుతో కనిపించదు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి రాజ్యానికి మాత్రమే తెలియదన్నమాట.

కాలం లెక్క కూడా చూడండి. చార్జిషీటు వేశాక వీలైనంతవరకు రెండు నెలల్లో విచారణ ముగించాలని 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ చట్టం అంటోంది. మిర్యాలగూడలో 2018 సెప్టెంబరులో జరిగిన కులహత్య కేసులో 2019లో చార్జిషీటు పడింది. దేశమంతా మాట్లాడుకున్న కేసు అది. నల్లగొండ ప్రత్యేక కోర్టు తీర్పు 2025 మార్చి 10న వచ్చింది. అంత పేరుమోసిన కేసుకే అన్నేళ్లు పడితే ఎవరికీ తెలియని వాడలో కేసుకు ఎన్నేళ్లు? రెండు నెలల గడువు ఎన్ని కేసుల్లో దాటిందో, ఎవరు వాయిదా అడగటం వల్ల దాటిందో చెప్పే గడి కావాలి గదా.

జిల్లాలు మారిన సంగతి ఇంకో చిక్కు. 2014 జూన్‌కు ముందు ఆంధ్రప్రదేశ్ అంకెలో తెలంగాణ ఉంది, తర్వాత లేదు. తెలంగాణ 2016లో పది జిల్లాల్ని 31 చేసింది, 2019లో 33 చేసింది. ఆంధ్రప్రదేశ్ 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాల్ని 26 చేసింది. ఆ మార్పుల్లో కారంచేడూ చుండూరూ రెండూ కొత్త బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. ఒకటి ప్రకాశం నుంచి, ఇంకొకటి గుంటూరు నుంచి. జిల్లాల వారీ పట్టిక పెట్టుకుని చూసేవాడికి బాపట్లకు 2022కు ముందు చరిత్రే ఉండదు. 1985 జులై 17న ఆరుగురు మాదిగల్ని చంపిన ఊరూ, 1991లో ఎనిమిది మందిని చంపిన ఊరూ ఒకే జిల్లాలో ఉన్నా ఆ జిల్లా లెక్క తెల్లకాగితంతోనే మొదలవుతుంది. ఊరి పేరు, మండలం పేరు లేని లెక్కతో వచ్చే చిక్కు ఇదే.

తాళం వేసిన తలుపు

లెక్కలు పోనీ, కేసు కేసుగా చూసుకోవచ్చు గదా అంటారు. ఈ-కోర్టుల్లో కేసు నంబరు కొడితే వాయిదా తేదీ కనిపిస్తుంది. నిజమే, అది కొంత మేలు చేసింది. వాయిదా ఎప్పుడో తెలుసుకోటానికి గుమాస్తాకు టీ డబ్బులిచ్చే రోజులు కొంత తగ్గాయి. కానీ అది ఒక కేసు తెలిసినవాడికి ఆ కేసు చూపించే కిటికీ. ఒక జిల్లాలో పదేళ్ల అట్రాసిటీ కేసులన్నీ ఒకచోట పెట్టి చూడాలంటే ఒక్కో కోర్టు సముదాయాన్నీ విడివిడిగా వెతుక్కోవాలి, ప్రతిసారీ బొమ్మలోని అక్షరాలు కొట్టాలి. మొత్తంగా దించుకునే దారి ఇవ్వలేదు. విడుదలైన కేసుకు 'విచారణ జరిగి విడుదల' అన్న తీరులో ఒక ముక్క ఉంటుంది తప్ప కారణం ఉండదు. కారణం తీర్పులో ఉంటుంది. ఆ తీర్పు ఇంగ్లీషులో ఉంటే ఫిర్యాదికి అది ఉన్నా లేనట్టే.

అంతకంటే పెద్ద తాళం చార్జిషీటు దగ్గర ఉంది. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఎఫ్.ఐ.ఆర్.లను ఇరవైనాలుగు గంటల్లో పోలీసు వెబ్‌సైట్లలో పెట్టమంది, సున్నితమైన కేసుల్ని మినహాయించింది. 2023 జనవరి 20న అదే కోర్టు చార్జిషీట్లను అట్లా జనానికి పెట్టక్కర్లేదంది, అవి బహిరంగ పత్రాలు కావంది. అంటే దళితుడు పోలీసులకు ఏం చెప్పుకున్నాడో లోకమంతా చదవొచ్చు. దానితో పోలీసులు ఏం చేశారో చదవటానికి వీల్లేదు. ఎఫ్.ఐ.ఆర్.లో హత్యాయత్నం ఉండి చార్జిషీటు నాటికి అది మామూలు గాయాల సెక్షను అయిపోవటం, 3(2)(5) పోయి చిన్న సెక్షను మిగలటం, నలుగురు ముద్దాయిల పేర్లు ఎగిరిపోవటం - ఇవన్నీ ఈ రెండు కాగితాల మధ్యనే జరుగుతాయి. సెక్షన్లు మారుస్తూ కోర్టుకిచ్చే చిన్న మెమోలో ఒక కుటుంబం న్యాయం తారుమారవుతుంది. నేర విచారణలో అసలైన నిర్ణయం అక్కడుంది. తలుపు సరిగ్గా అక్కడే మూశారు.

ఇది ప్రపంచంలో ఎక్కడా చెయ్యలేని పనేం గాదు. అమెరికాలో చికాగో నగరం ఉన్న కుక్ కౌంటీలో 2018లో ప్రాసిక్యూటరు కార్యాలయం పెద్ద నేరాల కేసుల సమాచారాన్ని కేసు కేసుగా బయటపెట్టింది. పోలీసులు తెచ్చిన కేసును తీసుకున్నారా తిప్పిపంపారా, ఏ అభియోగం మోపారు, ఎట్లా ముగిసింది, ఎంత శిక్ష పడింది - నాలుగు దశలకు నాలుగు పట్టికలు. ముద్దాయి జాతి కూడా అందులో ఉంది. నల్లవాళ్లకు దానివల్ల న్యాయం వచ్చేసిందని మేం అనటం లేదు. అక్కడి జైళ్ల సంగతి అందరికీ తెలుసు. కానీ కేసు తిరస్కరించటం అనేది ఒక నిర్ణయమనీ, దానికి తేదీ ఉంటుందనీ, దాన్ని జనం చూడొచ్చనీ ఆ పట్టికలు ఒప్పుకుంటాయి. మన దగ్గర చార్జిషీటు వేసేది పోలీసులు, నడిపేది పి.పి. కాబట్టి నిర్ణయం ఇద్దరి మధ్య చెదిరిపోయి ఎవరిదీ కాకుండా పోతుంది. ఎవరిదీ కాని నిర్ణయానికి జవాబుదారీ ఎవరు?

కులం గడి ఎవరి చేతిలో?

ఈ లోటు పూడ్చటానికి పరిశోధకులు తమ దారిలో తాము ప్రయత్నించారు. ఈ-కోర్టుల నుంచి 2010-2018 మధ్య దాదాపు 8 కోట్ల కేసుల రికార్డులు పోగుచేసి, పేర్లనుబట్టి జడ్జీలూ ముద్దాయిలూ ఆడవాళ్లా మగవాళ్లా, ఏ మతంవాళ్లని అంచనా కట్టి, తమవాళ్లకు జడ్జీలు మేలు చేస్తున్నారా అని చూశారు. శ్రమకు మెచ్చుకోవాలి. కానీ పేరునుబట్టి మనిషి కులం తెలుసుకునే పద్ధతి తెలుగునేల మీద నడవదు. ఇక్కడ ఇంటిపేరు చాలాసార్లు ఒక్క పొడి అక్షరం. రెడ్డి, చౌదరి, రాజు అని తోక ఉన్నవాడు తెలిసిపోతాడు, తోక లేనివాడు తెలియడు. మాలమాదిగల ఇంటిపేర్లు ఇతర కులాల్లోనూ ఉంటాయి. బైబిలు పేరు పెట్టుకున్న మాదిగ ఆ లెక్కలో క్రైస్తవుడవుతాడు, దళితుడు కాడు. అధికారం ఉన్నవాళ్ల కులం పేర్లలో వెలుగుతుంది, అధికారం లేనివాళ్ల కులం ఊళ్లో మాత్రమే తెలుస్తుంది. అందుకే బయటినుంచి ఎంత గొప్ప యంత్రం పెట్టి చూసినా మనం దొరకం.

ఇక రాజ్యానికి మన కులం తెలియదా అంటే బాగా తెలుసు. జైళ్ల గణాంకాలు చూడండి. ఖైదీల్లో ఎస్సీలెందరు, ఎస్టీలెందరు, బీసీలెందరో ఏటా అచ్చేస్తున్నారు. 2011 జనగణన ప్రకారం జనాభాలో ఎస్సీలు 16.6 శాతం, జైళ్లలో వాళ్ల వాటా అంతకంటే ఎక్కువ. నేరం చేశాడని పట్టుకున్నప్పుడు దళితుడి కులం లెక్కకొస్తుంది. దళితుడి మీద నేరం చేసినవాడి కులం మాత్రం ఏ వార్షిక పట్టికలోనూ ఉండదు. కమ్మా, రెడ్డా, కాపా, బీసీయా అని చెప్పాల్సిన చోట 'ముద్దాయి' అని మాత్రమే ఉంటుంది. బాధితుల్లో మాలలెందరు, మాదిగలెందరు, రెల్లి, డక్కలి వంటి కులాల వాళ్లెందరో కూడా ఉండదు. ఆధిపత్యానికి కులం లేదన్నట్టు, అణగారినతనానికి తేడాలు లేవన్నట్టు ఈ పట్టిక నటిస్తుంది.

కులం గడి పెట్టమంటే అది మళ్లీ మన మీదికే రాదా అని మనవాళ్లలోనే కొందరు అడుగుతున్నారు. భయం న్యాయమైందే. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైలు రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమంది. ఆ కులాన్ని చూసే జైల్లో పాకీపని ఎవరికి, వంటపని ఎవరికి అని పంచుతున్నారు కాబట్టి ఆ తీర్పు సరైందే. పని పంచటానికి కులం చూడటం వేరు, అన్యాయం ఎవరివైపు నుంచి ఎవరివైపు నడుస్తోందో తెలుసుకోటానికి చూడటం వేరు. మొదటిది మనిషి పేరు పక్కన కులం రాస్తుంది. రెండోదానికి పేరు అక్కర్లేదు. ఊరు, కులం, సెక్షను, ఫలితం చాలు.

పేరు అక్కర్లేదని మేం గట్టిగా చెప్పటానికి ఇంకో కారణం ఉంది. సమాచారం అందరికీ తెరిచామంటే భూస్వామికి కూడా తెరిచినట్టే. ఫిర్యాది పేరు, సాక్షి పేరు, వాడ పేరు అందులో ఉంటే దాన్ని ముందుగా చదివేది ఎవరు? సాక్షిని బెదిరించాల్సినవాడే. కాబట్టి బాధితులూ సాక్షుల వివరాలు మూసి, అధికారుల నిర్ణయాలు తెరవాలి. ఇప్పుడున్నది దీనికి తలకిందులు. పైనుంచి 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8వ సెక్షన్‌ను మార్చి, వ్యక్తిగత సమాచారమనే కారణంతో నిరాకరించటాన్ని ఇంకా తేలిక చేసింది. దర్యాప్తు అధికారి ఎవరు, ఏం చేశాడు అనేది అతని సొంత సంగతని రేపు జవాబు రావొచ్చు. దళితుడి గోప్యత కాపాడని రాజ్యం అధికారి గోప్యత కాపాడుతుంటే మనం చూస్తూ కూచోకూడదు.

కాగితం ఉంది, బయట పెట్టండి

ఇంత సమాచారం పోగుచెయ్యటం ఎవరివల్ల అవుతుందని ఒక వాదన వస్తుంది. కొత్తగా పోగుచెయ్యక్కర్లేదు. 1995 నియమాలు ఒకసారి తిరగెయ్యండి. 4వ నియమం ప్రకారం జిల్లా మేజిస్ట్రేటూ ప్రాసిక్యూషన్ అధికారీ అట్రాసిటీ కేసుల్ని సమీక్షించి నెలనెలా 20వ తేదీలోగా ప్రాసిక్యూషన్ డైరెక్టరుకూ ప్రభుత్వానికీ నివేదిక పంపాలి. ఒక్కో కేసులో దర్యాప్తు, ప్రాసిక్యూషన్ విషయంలో ఏం చేశారో, ఏం చెయ్యబోతున్నారో అందులో రాయాలి. ప్రత్యేక పి.పి.ల పనితీరు ఏడాదికి రెండుసార్లు, జనవరిలో, జులైలో చూడాలి. 17వ నియమం కింద జిల్లా విజిలెన్సు కమిటీ మూడు నెలలకొకసారైనా కూచోవాలి. చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం కేంద్రం ఏటా పార్లమెంటు ముందు నివేదిక పెట్టాలి. అంటే 'మా కేసు ఏమైంది' అనే ప్రశ్నకు జవాబు నెలనెలా కాగితం మీద రాయాలని చట్టమే చెప్పింది. రాసి ఉంటే బయటపెట్టమంటున్నాం. రాయకపోతే ఎందుకు రాయలేదో చెప్పమంటున్నాం.

బయటపెట్టేటప్పుడు ఏయే గడులు ఉండాలో కూడా మనమే చెప్పాలి. మండలం. బాధితుల ఉపకులం, ముద్దాయిల కులం. ఎఫ్.ఐ.ఆర్. నాటి సెక్షన్లు, చార్జిషీటు నాటి సెక్షన్లు పక్కపక్కన. దర్యాప్తు చేసిన అధికారి హోదా. రిఫర్ చేస్తే కారణం, దానిమీద ఫిర్యాది అభ్యంతరం, కోర్టు నిర్ణయం. ముద్దాయిలు పెట్టిన కౌంటర్ కేసు ఉందా. 15-ఎ సెక్షన్ కింద బెయిలు విచారణకు బాధితులకు ముందే నోటీసు వెళ్లిందా. బాధితులు కోరిన న్యాయవాదిని పెట్టారా. వాయిదాలెన్ని, ఎవరడిగారు. విడుదలైతే కారణం. అప్పీలుకు పోయారా, పోకపోతే ఎవరు వద్దన్నారు. పై కోర్టులో ఏమైంది. పరిహారం ఏ దశలో ఎంత అందింది. విధి నిర్లక్ష్యం చేసిన అధికారి మీద 4వ సెక్షన్ కింద సిఫారసు జరిగిందా. ఇదంతా తెలుగులో ఉండాలి. ఇంగ్లీషులో తెరిచింది మన జనానికి సగం మూసినట్టే.

ప్రభుత్వం ఇచ్చేదాకా చేతులు ముడుచుకు కూచోవాలని మేం అనటం లేదు. మనకు లెక్కలు రాసుకునే అలవాటు ఉంది. కారంచేడు తర్వాత పుట్టిన దళిత మహాసభ కాలం నుంచి ప్రతి దాడి వెనకా ఒక నిజనిర్ధారణ బృందం ఊళ్లోకి పోయింది, నివేదిక రాసింది. ఆ నివేదికలన్నీ దాడి జరిగిన వారంలో, నెలలో రాసినవి. ఆ తర్వాత పదేళ్లు కోర్టులో జరిగిందాన్ని వెంటబడి రాసినవాళ్లు తక్కువ. మన చూపు ఊరి పొలిమేర దాకా ఉంది, కోర్టు వరండా దాకా సాగలేదు. ఒక్కో విశ్వవిద్యాలయంలో ఇప్పుడు మన పిల్లలు పదులకొద్దీ పరిశోధన చేస్తున్నారు. ఒక్కొక్కరు తమ జిల్లా ప్రత్యేక కోర్టు తీర్పులు పట్టుకుని, పదేళ్లవి చదివి, వీగిపోయిన కారణాలు వరసపెట్టి రాస్తే అది ఒక సిద్ధాంత గ్రంథానికి మించిన పని. వీగిపోయిన కేసుల కారణాలు మన చేతిలో ఉంటే 2018లో కోర్టు ముందు పడ్డ అంకెలు ఇంకోసారి పడ్డప్పుడు వాటి పక్కన పెట్టటానికి మన దగ్గర ఏదో ఒకటి ఉంటుంది. లేకపోతే మళ్లీ రోడ్డెక్కాలి, మళ్లీ మన పిల్లలే తూటాలకు ఎదురెళ్లాలి.

అగ్రకుల పండితులు శాస్త్రం రాసుకున్నారు, దాన్ని మనం చదవకుండా చేశారు. ఇప్పటి శాస్త్రం అంకెల్లో ఉంది. దాన్ని చదవొద్దని ఇవాళ ఎవరూ అనటం లేదు, రాసే పని మాత్రం మనకు ఇవ్వటం లేదు. ఆ పని మనమే మొదలుపెడదాం, జిల్లా జిల్లాకూ.